ఒంటి కాపలా

విజయమ్మ కాలు ఒకచోట నిలవదు. యాప్రాల్‌లో మిలిటరీ గోడ పక్కన ఆమెకు ఒక రేకుల ఇల్లు, ముళ్లకంప కట్టిన దొడ్డి, ఆ దొడ్డి నిండా గొర్రెలు ఉన్నాయి. ఆ ఇంటికి నేను ఆరేళ్లుగా పోతున్నాను. నా పేరు కల్పలత, ఉండేది చిలకలగూడ. పశువుల దవాఖానలో సూదులు వేసే, మందులు తాగించే ఉద్యోగం నాది. డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నేను డాక్టరమ్మనే. నేను స్కూటీ ఆపగానే చాయ్ పెడుతుంది, గ్లాసు నా చేతికిస్తుంది, తన గ్లాసు పట్టుకుని దొడ్డి చుట్టూ తిరుగుతూ తాగుతుంది.

"జెర కూసో అక్కా, నిన్ను చూస్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్" అంటాను.

"కూసుంటే గోడలు మీదికొస్తయి డాక్టరమ్మా" అంటుంది.

ఆమె పదహారో ఏట బొల్లారం నుంచి యాప్రాల్‌లో గొర్రెలు కాసే కురుమల ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు యాభై ఆరేళ్లు. అప్పుడు ఇక్కడ చెరువు, రాళ్లు, రాళ్ల మధ్య గడ్డి, ఇంకేం లేవట. మామ దగ్గర నూట ఇరవై జీవాలు ఉండేవి. జీవాలంటే గొర్రెలే, ఆమె నోట గొర్రె అన్న మాట రాదు. ఇప్పుడు అదే నేల మీద పది అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆమె ఇంకా కట్టని ప్లాట్లలో, చెరువు కట్ట కింద, మిలిటరీ గోడ వెంబడి మేపుకుంటుంది. వాచ్‌మన్లు తరుముతారు. ఆమె ఒక ప్లాటులో నుంచి ఇంకో ప్లాటులోకి పోతుంది, మళ్లీ మొదటి ప్లాటుకు వస్తుంది. రోజుకు పది కిలోమీటర్లు నడుస్తుందని నా అంచనా.

పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "ఏడాదికి ఇరవై పిల్లలు పుడుతున్నరు గదా, ఇంకేం గావాలె" అని నోరు మూయిస్తుంది. భర్త భద్రయ్య ఆరేళ్ల కింద, జీవాలు మేపుతూ మేపుతూనే, గుండె పట్టుకుని కూలిపోయాడు. దినాలు అయ్యాక మేడ్చల్‌లో ఉండే మరిది వచ్చి, మంద అమ్మేసి తమతో రమ్మన్నాడు. మంచివాడే, కపటం లేదు. వాళ్లింట్లో ఆమెకోసం ఒక కుర్చీ కూడా కొన్నాడు, టీవీ ఎదురుగా వేసి పెట్టాడు. విజయమ్మ ఆ కుర్చీని ఒకసారి చూసి వచ్చి, ఊళ్లో పాము కనబడ్డట్టు వారం రోజులు చెప్పుకుంది.

మందను కొనడానికి ఒక మనిషి ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నాడు. పేరు తారిఖ్. రాంగోపాల్‌పేట్‌లో మటన్ దుకాణం, శామీర్‌పేట దగ్గర మేకలు ఆపే దొడ్డి అతనివి. నెలకోసారి వస్తాడు. "అమ్మా, నిన్ను జబర్దస్తీ చెయ్య. నువ్వు ఫోన్ చేసిన నాడు బండి తెస్తా, గంతే" అంటాడు. ఆమె "నీ బండికి బ్రేకులు గట్టిగ ఉన్నయా? అయితే గాడనే ఆపుకో" అంటుంది. అతను నవ్వుకుంటూ పోతాడు.

నిరుడు వానాకాలంలో ఆ నవ్వులు ఆగిపోయాయి. చెరువు అవతల కోడి దుకాణాలవాళ్లు పేగులూ ఈకలూ తెచ్చి పారబోయడం మొదలుపెట్టారు. వాటికి మరిగి కుక్కలు చేరాయి. ఒకరోజు కోడిపేగులు రాలేదు, కుక్కలు మంద మీద పడ్డాయి. ఇరవై రోజుల్లో తొమ్మిది జీవాలు పోయాయి. అన్నీ పట్టపగలే, ఆమె కళ్లముందే. కట్టె విసిరితే కుక్కలు పది అడుగులు వెనక్కి పోయి నిలబడి చూసేవి. నేను కుట్లు వేసినవాటిలో రెండే బతికాయి. తొమ్మిదోది చచ్చినరోజు విజయమ్మ ఏడవలేదు. నా సంచి సర్దుతున్నంతసేపూ అటూ ఇటూ తిరిగింది.

"ముప్పై నాలుగు మిగిలినయి డాక్టరమ్మా. ఇంకోపారి గిట్లయితే తారిఖ్‌కు ఫోన్ చేస్త. నేను పెంచేది కుక్కలకు మేపనీకి కాదు" అంది.

అంటే మేడ్చల్ కుర్చీ. ఆమె ఆ కుర్చీలో కూర్చున్న ఏడాదికి ఉండదని నాకు గట్టిగా అనిపించింది. కాబట్టి, అడగకపోయినా, నాది కాని పనిలో వేలు పెట్టాను.

యాప్రాల్ దాటాక ఓంప్రకాశ్ అనే ఆయనకు ఒక ఫామ్‌హౌస్ ఉండేది. పిల్లల పుట్టినరోజులకు అద్దెకిచ్చేవాడు. కుందేళ్లు, ఒక పొట్టి గుర్రం, రెండు లామాలు. లామా అంటే ఒంటెకు చుట్టం, మూపురం ఉండదు. మనిషంత ఎత్తు, పొడుగు మెడ, అరటికాయల్లా లోపలికి వంగిన చెవులు, ఒంటి నిండా ఉన్ని. వాటి సొంతూరు ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో. అక్కడివాళ్లు బరువులు మోయించుకుంటారట, ఉన్ని తీసుకుంటారట. ఓంప్రకాశ్ మాత్రం ఫోటోలు తీయించేవాడు. రెండూ అన్నదమ్ములు, రెండూ ఖస్సీ చేసినవి, అంటే విత్తులు తీసేసినవి. తమ్ముడు పరమ సాధువు. అన్న మాత్రం ఒక పుట్టినరోజు పిల్లాడి తండ్రి కొత్త సూటు మీద ఉమ్మేశాడు. లామా ఉమ్ము ఉమ్ము కాదు, సగం అరిగిన గడ్డి. ఆ వాసన సూటుకే కాదు, పేరుకు కూడా పట్టుకుంటుంది.

"ఈ ముసీబత్‌ను ఎవరికన్నా అంటగట్టండి మేడం" అన్నాడు ఓంప్రకాశ్.

పై దేశాల్లో గొర్రెలవాళ్లు మందకు ఒక్క లామాను కాపలా పెడతారని మా డాక్టరుగారు ఒకసారి చెప్పారు. కుక్కల్ని, నక్కల్ని చూస్తే దానికి పుట్టుకతోనే పగ అట. నేర్పనక్కర్లేదట. ఆ మాట పట్టుకుని దసరా పోయిన వారానికి అన్నను ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చాను.

విజయమ్మ నడుం మీద చేయి పెట్టుకుని కింది నుంచి పైదాకా చూసింది.

"ఏందీ ఇది? ఒంటె గొర్రెను లేపుకపోతే పుట్టినట్టున్నది."

"కుక్కలను తరుముతది అక్కా. ఒక నెల చూడు."

"ఏం తింటది?"

"నీ జీవాలు తినేదే. వేరే ఏం పెట్టొద్దు."

"గయితే ఉండనీ. లంబుగాడు."

ఆ పేరే స్థిరపడింది. మొదటి మూడు రోజులూ లంబును చూసి గొర్రెలు దొడ్డిలో ఒక మూలకు కుప్పపడ్డాయి. వాడు ఎదుటి మూలలో నిలబడి, నాకేం పట్టనట్టు ఆకాశం చూశాడు. నాలుగోరోజు ఒక గొర్రెపిల్ల పోయి వాడి పక్కన పడుకుంది. వాడు మెడ వంచి దాన్ని ముక్కుతో వాసన చూసి, మళ్లీ తల ఎత్తాడు. అంతే, మంద వాడిదైపోయింది.

విజయమ్మ చేతులు ఊరుకోవు కదా, వాడిని ఎరిగే పని మొదలుపెట్టింది. గిట్టలు చూద్దామని కాలు పట్టుకుంటే తన్నాడు. లామాకు కాళ్లు ముట్టుకుంటే సరిపడదు. గిట్టలు కాదవి, రెండు వేళ్లు, కింద మెత్తటి తోలు. నడిస్తే చప్పుడుండదు. మంద పెంటికలు ఎక్కడ పడితే అక్కడ వేస్తుంది, వాడు మాత్రం దొడ్డిలో ఒకే మూలకు పోయి వస్తాడు, రోజూ అదే మూల. "వీడు అపార్ట్‌మెంటోళ్ల కంటె సాఫ్" అని ఊరంతా చెప్పింది. సద్దిమూట, నీళ్ల క్యాను, గొంగడి వాడి వీపున వేస్తే బుద్ధిగా మోశాడు. ఆశకొద్దీ ఒకరోజు రెండు దాణా బస్తాలు వేసింది. లంబు నాలుగు కాళ్లూ మడిచి నడిరోడ్డు మీద కూర్చున్నాడు. తిట్టింది, బతిమాలింది, వెనక నుంచి నెట్టింది. వెనక స్కూలు బస్సు ఆగింది. ఒక బస్తా దించాక లేచాడు.

"యూనియన్ లీడర్‌ను తెచ్చిచ్చినవ్ నాకు" అని నన్ను తిట్టింది. కానీ ఆ తిట్టులో సంతోషం ఉంది.

కార్తీకంలో ఒక పొద్దున కుక్కలు వచ్చాయి. నేను చూడలేదు, ఆమె చెప్పగా విన్నదే. చెప్పేటప్పుడు ఆమె లంబు లాగా మెడ నిక్కించి, చెవులు వెనక్కి ఆనించినట్టు కొంగు వెనక్కి వేసుకుని చూపించింది. వాడు ముందు ఒక కేక పెట్టాడట, తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు. ఆ కేకకు గొర్రెలన్నీ వాడి వెనక చేరాయి. వాడు కుక్కల వైపు నడవలేదు, ఉరికాడు. ముందు కాళ్లతో తొక్కాడు. ఒక కుక్క కుంటుకుంటూ చెరువు దాటింది, మిగతావి దానికంటే ముందే దాటాయి.

అప్పటినుంచి జ్యేష్ఠం దాకా ఒక్క జీవం పోలేదు. ముప్పై నాలుగు నలభై ఆరు అయ్యాయి. మార్చిలో మందతో పాటు వాడికీ ఉన్ని కత్తిరించింది. వాడి ఉన్ని వేళ్లకు గుచ్చుకోదు, దారం మెత్తగా వచ్చింది. ఎండలు ముదిరాక రోజూ మధ్యాహ్నం కడుపు కింద నీళ్లు కొట్టేది. వీపు మీద కొడితే ఉన్నిలో ఉక్కపోత, కడుపు కింద కొడితేనే చల్లదనం. అది నేను చెప్పిందే, కానీ నెల తిరిగేసరికి ఆమే కనిపెట్టినట్టు నాకు చెప్పడం షురూ చేసింది. తారిఖ్ వచ్చి లంబును చూసి "ఖుదా కసమ్, నా దొడ్డికి సుత గిట్లాంటిదొకటి గావాలె అమ్మా. కుక్కలతో పరేషాన్ అయితున్న" అని వాపోయాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. లంబు మూలిగేవాడు.

లామాలు ముక్కుతో సన్నగా మూలుగుతాయి. ఆకలైనా, బెదిరినా, ఎవరన్నా కావాలన్నా అదే మూలుగు. పొద్దువాలే వేళ మందను దొడ్డిలో తోలాక లంబు కంచె దగ్గర ఓంప్రకాశ్ ఫామ్‌హౌస్ దిక్కుకు తిరిగి నిలబడేవాడు. మ్... అని ఒక్క తీరున, చాలాసేపు. తమ్ముడు అక్కడ ఉన్నాడని విజయమ్మకు తెలుసు. ఆమె వంట చేస్తూ బయటికి వచ్చేది, లోపలికి పోయేది, మళ్లీ వచ్చేది.

"ఏమంటుండు డాక్టరమ్మా?"

"నాకేం తెలుసక్కా, వాడి బాష నేను చదువుకోలే."

"నాకు తెలుసు" అంది.

ఇక్కడ కురుమల సంగతి ఒకటి చెప్పాలి. వాళ్లు ఎవరికీ ఒంటి గొర్రెపిల్లను ఇవ్వరు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు గొర్రెపిల్లను ఇచ్చినా, దేవుడికి మొక్కిన పిల్లను ఇంకొకరి మందలో వదిలినా, పక్కన తోడుపిల్ల పోవాలి. ఒంటి జీవం మేయదు, నీళ్లు తాగదు, వచ్చిన దారి చూసుకుంటూ చిక్కిపోతుంది. ఇది వాళ్ల తాతముత్తాతల నాటి అనుభవం, గొర్రెల విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. విజయమ్మ తన చేత్తో వందసార్లు తోడుపిల్లను పంపింది. ఆ చేయి లంబును ఎనిమిది నెలలు ఒంటిగా ఉంచింది. అది ఆమెను లోపల్లోపల తొలిచేసింది.

జూన్‌లో ఓంప్రకాశ్ ఫామ్‌హౌస్ మూసేశాడు. తమ్ముడిని కూడా తీసుకుపొమ్మని విజయమ్మకు ఫోన్ చేశాడు. విజయమ్మ నాతో చెప్పినప్పుడు ఆమె ముఖం పెళ్లి కుదిరిన ఇంటిలా ఉంది.

"అక్కా, కాపలాకు ఒక్కటే ఉండాలంట. రెండుంటే ఒకదాన్నొకటి చూసుకుంటయి, మందను చూడయంట. మా డాక్టర్ సార్ చెప్పిండు" అన్నాను.

"మీ సార్ ఎన్నేండ్లు జీవాలు కాసిండు?"

గట్టిగా చెప్పాల్సింది. నోరున్నదాన్నే, దవాఖానలో అందరితో తగువు పడేదాన్నే. కానీ ఆ మూలుగు నేనూ ఎనిమిది నెలలు విన్నాను. తమ్ముడిని తీసుకువచ్చే ట్రాలీ ఆటోను నేనే మాట్లాడాను. ఈ తప్పులో సగం నాది, దాచుకోను.

తమ్ముడు బండి దిగేసరికి లంబు కంచె దగ్గర ఉన్నాడు. ఇద్దరూ దూకలేదు, అరవలేదు. దగ్గరికి వచ్చి ముక్కుకు ముక్కు ఆనించి శ్వాస పీల్చుకున్నారు. తర్వాత లంబు తన మెడను తమ్ముడి మెడ మీద వేసి కళ్లు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. విజయమ్మ ఆ రోజు నాకు ఎదురుగా కూర్చుని చాయ్ తాగింది. తమ్ముడికి జోడిగాడు అని పేరు పెట్టింది.

ఆ సాయంత్రం నుంచి మూలుగు లేదు. నెల రోజులు ఆమె అందరికీ ఇదే చెప్పుకుంది. "చూసినవా? తోడు లేక తక్లీఫ్ పడ్డడు. ఇప్పుడు బరువు సుత పెరిగిండు." నిజంగానే పెరిగాడు. ఇద్దరూ పక్కపక్కన మేసేవాళ్లు, పక్కపక్కన పడుకునేవాళ్లు. గొర్రెపిల్లలు లంబు దగ్గరికి పోతే వాడు లేచి తమ్ముడి అటుపక్కకు పోయి కూర్చునేవాడు. నేనది చూశాను. చూసి, విజయమ్మకు చెప్పకుండా ఊరుకున్నాను. ఆమె కూడా చూసే ఉంటుంది.

బోనాల పండుగ అయిన మూడోరోజు కుక్కలు వచ్చాయి. ఏడు. పదకొండు గంటలవేళ, చెరువు కట్ట కింద. మంద మెట్టు మీద, లామాలు యాభై అడుగుల దూరంలో కానుగ చెట్టు నీడన. విజయమ్మ కట్టె తీసుకుని అరుస్తూ ఉరికింది. లంబు తల ఎత్తాడు. అదే కేక పెట్టాడు. కేక వినగానే గొర్రెలు వాడి వైపు పరుగెత్తాయి. వాడు మాత్రం కుక్కలకూ తమ్ముడికీ మధ్య వచ్చి నిలబడ్డాడు. చెవులు వెనక్కి పెట్టి, మెడ నిక్కించి, కాలు నేలకేసి కొడుతూ, కాపలా కాశాడు. తమ్ముడికి. గొర్రెలు వాడి వెనక్కి చేరబోతే తమ్ముడి దగ్గరికి రానీయకుండా మెడతో నెట్టేశాడు. కళ్లముందే ఒక చూడి గొర్రె, నాలుగు పిల్లలు పోయాయి.

నాకు ఫోన్ వచ్చేసరికి చిలకలగూడలోనే ఉన్నాను. పోయేసరికి ఆమె చచ్చిన పిల్లలను గొంగడి మీద వరుసగా పడుకోబెట్టి, ఆ వరుస చుట్టూ తిరుగుతోంది.

"అయిదు" అంది. "తారిఖ్‌కు ఫోన్ కలుపు."

నేను ఫోన్ తీయలేదు.

"కలుపుమంటున్న! నా మాట మీద నేను ఉంట. ఇంకోపారి అయితే అమ్ముత అన్న, అయింది."

"ఫోన్ చేస్త. కానీ మంద అమ్మనీకి కాదు" అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినబడింది. "జోడిని ఇయ్యనీకి. ఆయన దొడ్డికి సుత కుక్కల బాధ ఉన్నది గదా. లంబు ఒక్కడైతెనే నీ మంద ఉంటది. లేకుంటె మేడ్చల్ పో. రెండే తొవ్వలు, మూడోది లేదు."

ఆమె నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. అప్పుడే పిల్లను చంపి వచ్చిన కుక్కను చూసినట్టు చూసింది.

"ఒక తల్లి పిల్లలను నేను రెండుపార్లు ఇడదియ్యాల్నా?"

"మొదటిసారి ఇడదీసింది నేను. రెండోసారి సుత నేనే అనుకో."

నాలుగు రోజులు ఆమె నిర్ణయం చెప్పలేదు. నాలుగు రోజులూ మందను దొడ్డి దాటించలేదు, మేత కోసి తెచ్చి వేసింది. నలభై ఒక్క జీవాలకు ఒక్క మనిషి ఎంత కోసినా ఏ మూలకు? గొర్రెలు పొద్దంతా అరిచాయి. దొడ్డిలో ఒక పక్క ఆ అరుపులు, ఇంకో పక్క అన్నదమ్ములు మెడలు కలుపుకుని నెమరు వేస్తూ. అయిదోరోజు పొద్దున ఆమే నాకు ఫోన్ చేసింది. "జోడిని తీస్కపోండి. నేను చూడ" అంది.

చూడకుండా ఉండే వీలు లేదు. లంబు పక్కన ఉంటే జోడి బండి ఎక్కడు. జోడి కదలాలంటే లంబును దూరంగా తీసుకుపోవాలి. వాడు ఎవరి వెంట పడితే వారి వెంట పోడు, ఆమె వెంటే పోతాడు. కాబట్టి ఆమె కొంగులో ఇన్ని పల్లీల తీగలు వేసుకుని, "దా లంబూ, దా నాయినా" అని పిలుచుకుంటూ చెరువు దిక్కు నడిచింది. వాడు ఆమె కొంగులో మూతి పెట్టి తింటూ నమ్మకంగా వెంట పోయాడు. నేను, తారిఖ్ జోడిని బండి దగ్గరికి తెచ్చాం. వాడు కాళ్లు మడిచి కూర్చున్నాడు. ఇద్దరం కలిసి ఎత్తాం. అప్పుడు వాడు అరిచాడు. సాధువని పేరుపడ్డ జంతువు, అంత గొంతు ఉందని నాకు తెలియదు.

చెరువు దగ్గర్నుంచి లంబు వచ్చాడు. విజయమ్మ వాడి మెడలో తాడు పట్టుకుని ఉందట, ఆమెను పదడుగులు ఈడ్చుకుని తాడు తెంపుకున్నాడు. అప్పటికి బండి రోడ్డెక్కింది. లంబు దాని వెనక పరుగెత్తాడు. రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి, జనం ఫోన్లు తీసి నవ్వుతూ వీడియోలు తీశారు. మెయిన్ రోడ్డు దగ్గర బండి కనబడకుండా పోయింది. వాడు అక్కడే నిలబడిపోయాడు. విజయమ్మ మోకాళ్లు గీరుకుపోయి, రక్తం కారుతూ వచ్చి వాడి పక్కన నిలబడింది. వీడియో తీస్తున్న ఒకడిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాతి తొమ్మిది రోజులు నేను రోజూ పోయాను. డ్యూటీ ఉన్నా లేకున్నా. లంబు మేతకు మూతి పెట్టినట్టు పెట్టి వదిలేసేవాడు. మందతో కట్ట దాకా వస్తాడు, అక్కడ రోడ్డుకేసి తిరిగి నిలబడతాడు. అదే మూలుగు. విజయమ్మ పల్లీ తీగలు తీసుకుపోతే ముఖం తిప్పుకునేవాడు. మంద ఒక దిక్కు, వాడు ఒక దిక్కు, మధ్యలో ఆమె కట్టె పట్టుకుని అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. జోడి మాత్రం తారిఖ్ మేకల్లో కుదురుకున్నాడని ఫోన్ వచ్చింది. ఆ మాట చెప్పితే "కుదురుకుంటడు, చిన్నోడు గదా" అని ఊరుకుంది.

"ఇప్పుడు కుక్కలు వస్తే?" అని నేను అడగలేదు. ఇద్దరి మనసులోనూ అదే ఉంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం వచ్చాయి. నేను గొర్రెలకు నులిపురుగుల మందు తాగిస్తున్నాను. విజయమ్మ ఒక పొట్టేలు తల పట్టుకుని ఉంది. కట్ట అవతల నుంచి ముందు రెండు, వెనక నాలుగు. ఆమె పొట్టేలును వదిలి కట్టెకోసం ఉరికింది. నేను మందు సీసా విసిరాను, తగల్లేదు. మంద చెదిరింది. మా వైపు రావాల్సిన గొర్రెలు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఇన్నేళ్లు మేపిన విజయమ్మను దాటుకుని, రోడ్డు చూస్తూ నిలబడ్డ లంబు దగ్గరికి నలభై ఒక్కటీ పరుగెత్తాయి. కిందటిసారి తమను నెట్టేసిన వాడి దగ్గరికే. గొర్రెకు మతి తక్కువంటారు. ఇంకెక్కడికి పోతాయి?

లంబు వెనక్కి తిరగలేదు. గొర్రెలు వాడి కాళ్లకు ఒరుసుకుంటూ చేరాయి. వాడు ఇంకా రోడ్డే చూస్తున్నాడు. విజయమ్మ నిలబడిపోయింది. కుక్కలు ఇరవై అడుగుల్లోకి వచ్చాయి. ఒక పిల్ల మంద చేరలేక వెనకబడింది, కుంటిది, నేనే కట్టు కట్టిన పిల్ల. అది అరిచింది.

అప్పుడు తిరిగాడు. కేక కూడా పెట్టలేదు. మంద మీదుగా దూకినట్టే వచ్చి, పిల్లను దాటి, మొదటి కుక్క మీద పడ్డాడు. తొక్కాడు, మెడతో విసిరాడు, మళ్లీ తొక్కాడు. మిగతావి పారిపోయాక కూడా ఆపలేదు. కట్ట మీదికి, కట్ట దిగి బురదలోకి, కోడిపేగుల కుప్ప దాకా తరిమాడు. కార్తీకంలో వాడు కుక్కలను తరిమింది కాపలాకు. ఈసారి ఎందుకు తరిమాడో నేను చెప్పలేను. చాలాసేపటికి తిరిగి వచ్చాడు. ఒళ్లంతా బురద, పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. కుంటిపిల్ల లేచి వాడి వెంట నడిచింది. మంద వాడి చుట్టూ మూగింది. వాడు తల దించి, తొమ్మిది రోజుల తర్వాత, నిజంగా గడ్డి పట్టాడు.

విజయమ్మ లెక్కపెట్టింది. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది.

"అన్నీ ఉన్నయా అక్కా?"

"ఉన్నయి" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఒక్కటి సుత పోలే డాక్టరమ్మా. నాకు సంతోషం గావాలె ఇయ్యాల. అయితలేదు."

నాకూ కాలేదు. ఉండబట్టలేక అనేశాను, "అంత బాధయితే జోడిని తెచ్చుకుందామా? తారిఖ్ ఏమనడు, నేను మాట్లాడుత."

ఆమె లంబును చూసింది. వాడు మేస్తున్నాడు, కుంటిపిల్ల వాడి ముందుకాళ్ల మధ్య నిలబడి ఉంది. తర్వాత కట్ట అవతలికి చూసింది.

"రేపు సుత కుక్కలొస్తయి గద బిడ్డా" అంది. వంగి కట్టె తీసుకుంది.